అల లేని పడవ

మా మెదక్‌కి దగ్గర్లో ఉన్న పోచారం చెరువు కట్ట 1922లో పూర్తయింది. ఒకప్పుడు నిజాం వేటకి వచ్చిన అడవి అది. 1952 నుంచి అభయారణ్యం. సరిగ్గా ఆ 1922లోనే, ప్రపంచానికి అవతలి కొసన, అమెరికాలోని మినెసోటాలో ఒక కుర్రాడు వాళ్లమ్మ రాగి కాగులో చెక్కల కొసలు ఉడకబెట్టాడు. ఈ రెంటికీ సంబంధమేమిటంటారా? పోచారం కట్ట మీద ఆడుకున్న మా తమ్ముడు ఇప్పుడా మినెసోటాలోనే ఉన్నాడు. పాత స్కీ పడవ కొంటానని పట్టుపట్టుకు కూర్చున్నాడు.

కుర్రాడి పేరు రాల్ఫ్ శామ్యూల్సన్. మంచు మీద జారినట్టు నీళ్ల మీద ఎందుకు జారకూడదని అతని సందేహం. పీపాచెక్కలు కట్టుకుని చూశాడు, మునిగాడు. మంచు స్కీలు కట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. చివరికి ఎనిమిదడుగుల పైన్ చెక్కలు రెండు తెచ్చి, కొసలు ఉడకబెట్టి పైకి వంచి, పాదాలకి తోలుపట్టీలు బిగించాడు. వాళ్లన్న బెన్ పడవ నడుపుతుంటే పెపిన్ సరస్సు మీద రోజుల తరబడి పడుతూ లేస్తూ, జులై 2న నిలబడ్డాడు. మర్నాటికి పందొమ్మిదేళ్లు నిండుతాయి. కిటుకల్లా వెనక్కి వాలి, చెక్కల కొసలు నీటిపైకి ఎత్తి పట్టడమే.

పాపం, పేటెంటు తీసుకోవాలని తోచలేదు. 1925లో ఫ్రెడ్ వాలర్ అనే మరొకాయన తీసుకున్నాడు. మనవాడు నడుము దెబ్బతిని, టర్కీకోళ్లు పెంచుకుంటూ మరుగున పడిపోయాడు. 1963లో మార్గరెట్ క్రిమిన్స్ అనే పత్రికా విలేఖరి ఆ ఊరి స్నానఘట్టంలో వేలాడుతున్న పాత చెక్కలు చూసి, ఎవరివని ఆరా తీసింది. ఆవిడ కూపీ లాగబట్టే 1966లో ఈ ఆటకి ఆద్యుడు అతనేనని అమెరికా స్కీ సంఘం ఒప్పుకుంది. చూశారా, ఆడవాళ్ల ఆరా ఊరికే పోదు!

ఆటకి ఊపు తెచ్చిందీ ఒక ఇల్లాలే. ఫ్లారిడాలో సైప్రస్ గార్డెన్స్ అనే తోట నడిపే జూలీ పోప్, 1943లో సైనికులు వచ్చి స్కీ ప్రదర్శన ఎప్పుడని అడిగితే, తన పిల్లల్నీ వాళ్ల స్నేహితుల్నీ పోగుచేసి అప్పటికప్పుడు ఆడించింది.

ఇక పడవ సంగతి. నేను ఎరిగిన పడవ పుట్టి. గుండ్రంగా గంపలా ఉంటుంది, తెడ్డు వేయడం చేతకాకపోతే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. స్కీ పడవ దానికి పూర్తిగా వ్యతిరేకం, గీత గీసినట్టు పోవాలి. స్లాలమ్ అనే ఆటలో ఒకే చెక్క మీద నిలబడి, అటు మూడు ఇటు మూడు తేలే బంతుల్ని చుట్టిరావాలి. పడవ దారికి బంతి 11.5 మీటర్ల దూరం. తాడు మాత్రం గెలిచినకొద్దీ కత్తిరిస్తారు. పెద్ద ఆటగాళ్ల దాకా వచ్చేసరికి 10.25 మీటర్లే! తక్కినది ఒళ్లు సాచి అందుకోవాలి. అంత బరువుతో మనిషి పక్కకి లాగుతుంటే పడవ చెదరకూడదు, వెనక పెద్ద అల లేపకూడదు. అందుకే ఇంజను తోకకి తగిలించకుండా నట్టనడుమ కూర్చోబెట్టారు. పంకా అడుగున దాక్కుంటుంది. కరెక్ట్ క్రాఫ్ట్ వారి 'స్కీ నాటిక్' 1961లో ఆ వరవడి పెట్టింది. 1968లో టెనెసీలో రాబ్ షర్లీ అనే స్కీ మాస్టారు గుర్రాల కొట్టంలో 'మాస్టర్‌క్రాఫ్ట్' మొదలెట్టాడు. తక్కిన వస్తువుల్ని అవి చేసే పనికి కొంటాం. ఈ పడవకి మాత్రం అల లేపకపోవడానికే ధర!

మా తమ్ముడు చూసినది 1988 నాటిది. పైన అద్దంలా మెరుస్తోందిట. మరదలు ఫోన్ చేసింది. "వదినా, పిల్ల కాలేజీకి దాచిన డబ్బు. ఆయనకి మీరైనా చెప్పండి!"

వాడికి చెప్పి ఒప్పించడం మా నాన్న వల్లే కాలేదు. అందుకని ఇద్దరం కూర్చుని, ఏమేం చూడాలో తెలుసుకున్నాం. నిజానికి అన్నీ వంటింటి విద్యలే. కిలోమీటర్లు కాదు, ఇంజను ఎన్ని గంటలు తిరిగిందన్నది లెక్క. ఇరుసు దగ్గర పాత తరహా తాడు బిగింపు ఉంటే, పడవ నడుస్తున్నప్పుడు అక్కడ చుక్క చుక్కగా నీరు కారాలి. అసలు కారకపోతే వేడెక్కిపోతుంది. పెట్రోలు ఆవిరి పోయేదాకా గాలిపంకా తిప్పిగానీ ఇంజను వెలిగించకూడదు. గ్యాసు వాసనొస్తే, అది పోయేదాకా మనం పొయ్యి వెలిగించం కదా, అలాగే. ఆ చలిదేశంలో శీతాకాలం ముందు ఇంజనులో నీరు వంపకపోతే గడ్డకట్టి ఇనుమే పగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం అడుగునున్న దూలాలు. 1990ల తొలినాళ్ల దాకా చాలా పడవల్లో అవి కొయ్యవే. పైన ఫైబర్‌గ్లాసు తొడుగు ఉంటుంది గానీ మేకు కంతల్లోంచి నీరు దిగి లోలోపలే కుళ్లుతాయి. సుత్తితో తట్టి, కొబ్బరికాయ చూసినట్టు చప్పుడు వినాలి.

మరదలు స్వయంగా తట్టింది. ముందు భాగం టంగుమంది. ఇంజను కింద మాత్రం తడిసిన అట్టలా 'బద్'మంది. అక్కడి మరలు తిప్పితే బిగుసుకోకుండా ఊరికే తిరిగాయిట. అమ్మేవాడు ధర సగానికి దించినా తమ్ముడు కిక్కురుమనకుండా వెనక్కి వచ్చేశాడు.

వచ్చే శనివారం మరో పడవ చూడబోతున్నారు. సుత్తి మరదలి హ్యాండ్‌బ్యాగులోనే ఉందిట.