అంక విరామం (టెలివిజన్ స్క్రిప్టు)

అమెరికన్ టెలివిజన్ స్క్రిప్టులో వాణిజ్య ప్రకటనల కోసం కథను ఆపే చోటు అంక విరామం. గంట నిడివి డ్రామాకు చిన్న టీజరు (మొదటి అంకానికి ముందొచ్చే ఆరంభ ఘట్టం), ఆ వెనుక నాలుగు అంకాలు చాలాకాలం రివాజు. 2000 తర్వాత ఐదారు అంకాలూ మామూలయ్యాయి. ‘యాక్ట్ వన్’ అన్న శీర్షికను పెద్దక్షరాల్లో, పేజీ నెత్తిన, నడిమధ్యన వేస్తారు. తరచు కింద గీత ఉంటుంది. అంకం చివర ‘ఎండ్ ఆఫ్ యాక్ట్ వన్’ అని అలాగే రాసి, ఎంత ఖాళీ మిగిలినా వదిలేసి, తర్వాతి అంకాన్ని కొత్త పేజీలో ఎత్తుకుంటారు. ఆ ఖాళీ దుబారాలా కనిపిస్తుంది గానీ పనికొచ్చేదే. పేజీకి సుమారు నిమిషమన్న మోటు లెక్కతో, ఏ అంకం సాగిందో ఏది చిక్కిందో చిత్రీకరణకు ముందే తేలిపోతుంది.

ప్రకటనలే లేనప్పుడు ఈ తతంగం ఎందుకన్న అభ్యంతరం సబబైనదే. 1999లో హెచ్‌బీఓలో మొదలైన ‘ది సోప్రానోస్’ ప్రకటనలు లేకుండానే ప్రసారమైంది. కానీ అదే ధారావాహిక 2007లో ఏ అండ్ ఈ ఛానెల్‌కు వెళ్లినప్పుడు మధ్యలో ప్రకటనలకు చోటివ్వక తప్పలేదు. నెట్‌ఫ్లిక్స్ సైతం 2022 నవంబరులో ప్రకటనలతో కూడిన చౌక ప్లాన్ తెచ్చింది. రచయిత విరామం గుర్తించకపోతే ఆ కోత మరొకరి చేతిలో పడుతుంది. విరామం ఉంటే ప్రతిసారీ కృత్రిమమైన ఉత్కంఠ తప్పదనే వాదనకు మాత్రం బలం తక్కువ: శీర్షిక కోరేది ఒక మలుపునే, అది పాత్ర మౌనంగా తీసుకున్న నిర్ణయమైనా చాలు.