పోయినవారు మరలివచ్చిన కథ: రాజశేఖర చరిత్రము

చనిపోయిన బిడ్డల నొక్కమాఱు చూపుమని కోరిన తల్లులు భారతమున గాంధారియు కుంతియు. కురుక్షేత్ర యుద్ధము జరిగి పదునాఱేండ్లు గడచినను ధృతరాష్ట్రునకు కంటికి కునుకు రాదని గాంధారి వ్యాసునితో మొఱపెట్టుకొనెను. బ్రతికియుండగా నా కొడుకని నలుగురిలో చెప్పుకొనలేకపోయిన కర్ణుని తలచుకొని కుంతి విలపించెను. వ్యాసుడు గంగలో దిగి పిలువగా రణమున మడిసిన వీరులందఱును నీటినుండి వెలువడి వచ్చిరి. గ్రుడ్డిరాజునకు ఆ రాత్రి చూపు కలిగెను. తెల్లవాఱునప్పటికి వచ్చినవారు వచ్చినట్లే వెడలిపోయిరి. ఆశ్రమవాస పర్వములోని యీ ఘట్టమును తిక్కన సోమయాజి తెనుగు చేసెను. యుద్ధకథతోనే భారతము ముగిసినదని పుస్తకము కట్టిపెట్టువారికి ఇది దక్కదు.

ఆ తల్లులకు దొరకినది ఒక్క రాత్రి. ఆరువందల యేండ్ల తరువాత గోదావరి యొడ్డున పుట్టిన వచన గ్రంథమొకటి అంతకు మించిన భాగ్యమును తల్లిదండ్రుల కిచ్చినది. అది కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో వెలువడి, 1880లో పుస్తకరూపము దాల్చినది. గ్రంథకర్త దానిని వచన ప్రబంధమనెను. నవల యను పేరు తరువాత స్థిరపడినది. తెనుగున ఇదియే మొదటి నవల యనువారును, 1872 నాటి నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి ‘శ్రీరంగరాజ చరిత్రము’నకు ఆ గౌరవము చెందవలెననువారును కలరు. ఆ తగవు పండితులకు వదలి కథలోనికి పోవుట మేలు.

రాజశేఖరుడు ధవళేశ్వరమున కలిగిన గృహస్థు. ముఖస్తుతికి లొంగును, జ్యోతిషములను నమ్మును, బంగారము చేసి యిత్తుననిన బైరాగిని ఇంట పెట్టుకొనును. ఉన్నది ఊడ్చుకొనిపోయిన పిదప చుట్టములు మొగము చాటువేయుదురు. ఇంతవఱకు మన యూళ్లలో చూచినదే. కథకు ప్రాణము అతని పెద్దకూతురు రుక్మిణి. భర్త నృసింహస్వామి కాశిలో మరణించెనని వార్త వచ్చును. బిడ్డ బ్రతికియుండగనే ఆమె బ్రతుకు ముగిసినదని కన్నవారు కుములుదురు. పిమ్మట కుటుంబమంతయు ఊరు విడిచి పయనమైనప్పుడు దారిలో దొంగలు పడుదురు. దెబ్బతిని పడిపోయిన రుక్మిణి చనిపోయినదనియే తల్లిదండ్రులు నమ్ముదురు. అల్లుడు పోయినాడనుకొన్న యేడుపు ఆఱకముందే కూతురు పోయినదను ఏడుపు.

కాని ఆమె చావలేదు. అతడును చావలేదు. బిడ్డ తల్లిదండ్రులను చేరును, మగడు మరలివచ్చును, విధవ యనిపించుకొన్నది సువాసిని యగును. ఇన్ని కలయికలు ఒక్క కథలో ఇముడునా యని పెదవి విఱచువారున్నారు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. ఈ యల్లికకు దారి చూపినది 1766 నాటి ఆంగ్ల గ్రంథము, గోల్డ్‌స్మిత్ రచించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. అందును చెఱసాలలోని తండ్రికి కూతురు చనిపోయినదని చెప్పుదురు; తరువాత ఆమె సజీవురాలై యెదుట నిలుచును. పంతులుగారు దానిని తెనిగింపక, ఆ బీజమును మాత్రము గైకొని మన యిండ్లను, మన మూఢనమ్మకములను, మన యాడుబిడ్డల కష్టములను చిత్రించిరి. 1887లో హచిన్‌సన్ దొర చేసిన యాంగ్లానువాదము ‘ఫార్చ్యూన్స్ వీల్’ లండనులో వెలువడినది. సీమనుండి వచ్చిన విత్తు ఇచ్చట మొలచి, ఆ సీమకే పంట పంపినది.

పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి పోయెను. తల్లి పున్నమ్మయు పెదతండ్రియు పెంచిరి. పోయిన తండ్రి మరలి రాడని పసితనముననే యెఱిగినవాడు పోయిన అల్లుని మరలి రప్పించెను. కథలో అది కలము చేతిపని. కాని గోదావరి తీరమున నిజముగా మగలు పోయిన బాలికలకు ఏ కాశినుండియు మగడు తిరిగి రాడు. వితంతువులు పెండ్లియాడవచ్చునని 1856లోనే చట్టము పుట్టినను ఈ ప్రాంతమున దాని ననుభవమునకు తెచ్చినవారు లేరు. కన్నతండ్రులకు చట్టముకంటె వెలి భయము పెద్దది.

1879లో పంతులుగారు వితంతు వివాహము శాస్త్రసమ్మతమని ఉపన్యసించి, పండితులతో వాదమునకు దిగిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చి నిలువబెట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున గోగులపాటి శ్రీరాములునకు బాలవితంతువగు గౌరమ్మ నిచ్చి మొదటి వివాహము జరిపిరి. ఊరిలో అలజడి చెలరేగెను. పోలీసులు కావలి యుండవలసివచ్చెను. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు మానివేసిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నీళ్లు మోసికొనివచ్చి వండి పెట్టిరి. ఈ పనిని నవలలో ఏ పాత్రకును అప్పగింపలేదు. వ్రాసియున్నను చదువరులు నమ్మియుండరేమో.

పెండ్లిచేసికొన్నవారిని కులము వెలివేసెను. వారికి బసయు, బత్తెమును చూచుట ఆ దంపతుల పాలబడెను. పుట్టిల్లు మూసికొన్న ఆడుబిడ్డలకు ఆ యిల్లే పుట్టిల్లయ్యెను. రాజ్యలక్ష్మమ్మగారికి కడుపున బిడ్డలు కలుగలేదు. పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును నెలకొల్పి, తమ యాస్తిని దానికి వ్రాసియిచ్చిరి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో గతించిరి. పంతులుగారు 1919 మే 27న చెన్నపట్టణమున కన్నుమూసిరి.