సికింద్రాబాదుకు ఆలస్యంగా చేరిన బోధ: తెలుగు లూథరన్ల విశ్వాసం, రక్షణ

నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలసిన సికింద్రాబాదులో బ్రిటిషు దండుతో పాటు ఆంగ్లికన్ చర్చి, 1870లలో అమెరికన్ బాప్టిస్టులు, వారి వెనుకనే వెస్లియన్ మెథడిస్టులు స్థిరపడగా, తెలుగు ప్రొటెస్టంటు సంఘాలలో పెద్దవాటిలో ఒకటైన లూథరన్ సంఘం ఆ ఊరికి చాలా ఆలస్యంగా చేరింది. ఇందుకు కారణం సిద్ధాంతంలో వెదకనక్కర లేదు. ఒక మిషను పని చేసే ప్రాంతంలో మరొకటి అడుగు పెట్టరాదని మిషను సంస్థలు తమలో తాము పాటించిన క్షేత్ర విభజనలో నైజాం రాజ్యం ఇతరుల వంతుకు పోయింది. లూథరన్లకు గుంటూరు, పల్నాడు, రాజమండ్రి చుట్టుపట్ల ప్రాంతాలు దక్కాయి.

వారి బోధకు మూలం పదహారో శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ చేసిన ఒక నిర్ధారణ. మనిషి తన పుణ్యకార్యాల బలంతో గాక, క్రీస్తు చేసిన దానిని విశ్వాసంతో అందుకోవడం వల్లనే దేవుని ఎదుట నీతిమంతుడుగా ఎంచబడతాడని అతడు వాదించాడు. లూథరన్ ప్రసంగం నేటికీ రెండు భాగాలుగా నడవడానికి ఇదే ఆధారం: మొదటిదైన ధర్మశాస్త్రం, అంటే దేవుని ఆజ్ఞ, వినేవాని పాపాన్ని అతనికే చూపుతుంది, రెండవదైన సువార్త ఆ పాపానికి క్షమాపణను ఉచితంగా ప్రకటిస్తుంది. సత్క్రియలను ఈ బోధ తోసిపుచ్చదు గాని, వాటిని రక్షణకు వెలగా కాక రక్షణ పొందినవాని జీవితంలో కనిపించే ఫలంగా చూస్తుంది.

ఈ బోధ తెలుగులోకి వచ్చిన తొలి దారి విచిత్రమైనది. జర్మనీలోని హాలే నగరం పయటిజానికి, అనగా సిద్ధాంతాన్ని హృదయ పరివర్తనతోను దినచర్యతోను ముడిపెట్టిన లూథరన్ ఉద్యమానికి, కేంద్రం. అక్కడి నుంచి 1719లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1726లో చెన్నపట్నం చేరి, తెలుగు నేర్చి, బైబిలును తెలుగు చేశాడు. ఆ అనువాదం అచ్చు కాలేదు. 1743లో స్వదేశానికి మరలిన తరువాత అతడు హాలేలో తెలుగు అక్షరాలతో లూథర్ చిన్న క్యాటికిజాన్ని, ‘మోక్షానికి కొంచు పొయ్యే దోవ’ను, ‘నూరు జ్ఞాన వచనములు’ను 1746, 1747 సంవత్సరాలలో అచ్చు వేయించాడు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలుగా వీటికి సాహిత్య చరిత్రలో స్థానం దక్కింది. రక్షణను మెట్లు మెట్లుగా, దారిగా వివరించడం పయటిస్టుల అలవాటు, కాని దారి చెప్పే పుస్తకం జర్మనీలోను, దారి నడవవలసినవారు వేల మైళ్ల దూరంలోను ఉన్నారు. తెలుగు సువార్తలు అచ్చులో వెలువడటానికి 1812 దాకా ఆగవలసి వచ్చింది.

అమెరికా నుంచి వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరి, కలెక్టరు హెన్రీ స్టోక్స్ ప్రోత్సాహంతో పాఠశాలలు తెరిచినప్పుడు గాని ఈ బోధకు తెలుగు నేల మీద ఊరూ వాడా దొరకలేదు. తరువాతి దశాబ్దాలలో సంఘం విస్తరించింది ప్రధానంగా మాల, మాదిగ పల్లెలలో. అక్కడ చదువు అరుదు కనుక పుస్తకం పని నోరు చేసింది. లూథర్ 1529లో రాసిన చిన్న క్యాటికిజం ప్రశ్నోత్తరాల పుస్తకం: పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభు భోజనం అనే అంశాలను ఒక్కొక్కటిగా చెప్పి, ప్రతి దాని వెంట దాని అర్థమేమని అడిగి, జవాబును కంఠతా పట్టిస్తుంది. ఉపదేశి అడగడం, పొలం పని ముగించుకుని వచ్చినవారు వల్లించడం అన్న పద్ధతికి ఇది సరిగ్గా సరిపోయింది. స్త్రీల వద్దకు అదే పాఠాన్ని, ఇళ్లకు వెళ్లి బోధించే బైబిలు స్త్రీలు మోసుకుపోయారు. విశ్వాసం ఒక్కటే చాలునన్న బోధ కులం ఊసెత్తనిది; అయినా మాల, మాదిగ పల్లెల మధ్య దూరం సంఘంలోకి కూడా వచ్చిందని చెప్పక తప్పదు.

1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం స్వతంత్ర వ్యవస్థగా ఏర్పడింది. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు మొదలైనవారు దక్షిణ ఇండియా సంఘంగా కలిసిపోయినప్పుడు అది వేరుగానే నిలిచింది. కలయిక మరొక చోట జరిగింది. 1964లో రాజమండ్రి లూథర్‌గిరిలో వివిధ సంఘాలు కలిసి నెలకొల్పిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1973లో హైదరాబాదు, సికింద్రాబాదు జంట నగరాలకు తరలి, హుస్సేన్ సాగర్ కట్ట దిగువన గాంధీనగర్‌లో స్థిరపడింది. శ్రీరాంపూరు విశ్వవిద్యాలయ పట్టాల కోసం అక్కడ చదివే లూథరన్ విద్యార్థి పక్కన, శిశువుకు బాప్తిస్మం చెల్లదని నమ్మే బాప్టిస్టు కూర్చుంటాడు. విశ్వాసమే దేవుని వరమైతే పసిబిడ్డకు అది ఎందుకు దక్కరాదని లూథరన్ అడుగుతాడు. తెలిసి ఒప్పుకోని దానిని విశ్వాసమని ఎట్లా అనాలని బాప్టిస్టు అడుగుతాడు. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, రోమన్ కథలిక్కులు నీతిమంతులుగా తీర్చబడటాన్ని గురించి ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశారు, 2006లో మెథడిస్టులూ దానికి సమ్మతించారు. బాప్తిస్మం మీది ఈ తగవు మాత్రం ఆ ప్రకటన పరిధిలోకి రానందున, రెండు సంఘాల పాస్టర్లూ అదే కళాశాలలో చదివి, ఎవరి ఆచారం వారు పాటిస్తూనే ఉన్నారు.