స్వర్గంలోనూ దుక్కి తప్పలేదు

ఈజిప్టులోని డేర్ ఎల్ మెదీనా, రాజుల సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరు. ఆ పనివాళ్లలో ఒకడైన సెన్నెజెమ్ సమాధి 1886లో బయటపడింది. అందులో ఒక గోడ నిండా ఆయన కోరుకున్న స్వర్గమే. సెన్నెజెమ్ మచ్చల ఆవుల జతతో దున్నుతుంటే భార్య ఇనెఫెర్టి వెనకాలే విత్తనాలు చల్లుతోంది. మరో వరసలో ఆయన కొడవలితో వెన్నులు కోస్తున్నాడు, ఆమె ఏరుకుంటోంది. ఇద్దరివీ ఇస్త్రీ నలగని తెల్లబట్టలు. పొలం దిగినవాడెవడూ ఆ బట్టల సంగతి నమ్మడు!

మన ఇంద్రలోకంలో అమృతం, అప్సరసల నాట్యం తప్ప పని ఊసే ఉండదు. ప్రాచీన ఈజిప్షియన్ల స్వర్గం మాత్రం రెల్లు పొలాలు. కాలవలు, ఐదు మూరల ఎత్తు యవల పైరు, కావలసినంత తిండి. అయితే ఆ పంట పండించాల్సింది చనిపోయినవాళ్లే. ఆ చాకిరీ తప్పించుకోవడానికి ఉషబ్తీలనే చిన్న బొమ్మల్ని సమాధిలో పెట్టేవారు. పనికి పిలుపొస్తే యజమాని బదులు బొమ్మ పలకాలి. 1922లో దొరికిన టుటన్‌ఖామున్ సమాధిలో ఇవి 413: రోజుకొకటి చొప్పున 365 కూలీలు, 36 మంది మేస్త్రీలు, నెలకొకరుగా మరో 12 మంది. మేస్త్రీ లేకపోతే స్వర్గంలోనైనా పని సాగదని వాళ్లకు బాగా తెలుసు.

క్రీ.పూ. 2350 ప్రాంతంలో ఉనాస్ పిరమిడ్ గోడలపై చెక్కిన పరలోక మంత్రాలు రాజుకే పరిమితం. వెయ్యేళ్లు తిరిగేసరికి అవి పాపిరస్ చుట్టలుగా, డబ్బున్నవాళ్లందరికీ అందాయి. పేరు రాసే చోటు ఖాళీగా వదిలి ముందే తయారుచేసి ఉంచినవీ ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలోని ప్రసిద్ధమైన చుట్టలో లేఖకుడు ఆనీ పేరు కొన్నిచోట్ల తర్వాత నింపిందే.

అసలు గండం తీర్పు దగ్గర. త్రాసులో ఒకవైపు గుండె, మరోవైపు మాత్ దేవత ఈక. గుండె బరువు తూగితే మొసలి తల అమ్మిత్ మింగేస్తుంది. దేహాన్ని మమ్మీగా భద్రపరిచేటప్పుడు మెదడును తీసి పారేసేవారు గానీ గుండెను లోపలే ఉంచేవారు. సాక్ష్యం చెప్పాల్సింది అదే మరి. దాని నోరు కట్టడానికీ ఉపాయం పన్నారు. పేడపురుగు ఆకారంలో రాతి తాయెత్తు చేసి, తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పొద్దని గుండెను వేడుకునే మంత్రం దానిపై చెక్కి, రొమ్ము మీద ఉంచేవారు. ఆనీ చుట్టలో ఆ మంత్రమూ ఉంది. తాను దొంగతనం చేయలేదని, అబద్ధమాడలేదని 42 మంది దేవతల ముందు ఒప్పజెప్పే పాఠమూ ఉంది.