కొత్తొక వింత, పాతొక రోత: నెబ్రాస్కా ఫుట్‌బాల్ నేర్పిన పాఠం

"కొత్తొక వింత, పాతొక రోత" అని మన పెద్దలు ఊరకే అనలేదు. ఈ సామెతకు చక్కని ఉదాహరణ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో ఉన్నది. మన సభ్యులలో అనేకులు పిల్లల వద్దకు అమెరికా వెళ్లి వస్తున్నవారే గనుక ఈ ముచ్చట వారికి ఆసక్తి కలిగించగలదని తలుస్తాను.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనమెరిగిన ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని పరుగెత్తుతారు, లేదా ముందుకు విసురుతారు. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. దాడిని నడిపేవానిని క్వార్టర్‌బ్యాక్ అంటారు.

నెబ్రాస్కా మొక్కజొన్న పండే వ్యవసాయ రాష్ట్రం. లింకన్ నగరంలోని విశ్వవిద్యాలయం జట్టు పేరు కూడా కార్న్‌హస్కర్స్, అనగా మొక్కజొన్న పొత్తులు ఒలిచేవారు. 1962లో బాబ్ డెవానీ కోచ్‌గా వచ్చాక దాని దశ తిరిగింది. 1970, 1971లలో జాతీయ బిరుదులు వచ్చాయి. ఆయన సహాయకుడైన టామ్ ఆస్బోర్న్ 1973 నుండి 1997 వరకు 25 ఏళ్లు కోచ్‌గా ఉండి 255 ఆటలు గెలిపించాడు. ఓడినవి 49 మాత్రమే. ఆయన హయాంలో మరి మూడు జాతీయ బిరుదులు దక్కాయి.

ఈ విజయాలకు మూలం "ఆప్షన్" అనే పద్ధతి. క్వార్టర్‌బ్యాక్ బంతిని నడుమ దూసుకుపోయేవానికి ఇవ్వవచ్చు, తానే పరుగెత్తవచ్చు, లేదా పక్కనే వచ్చేవానికి అందించవచ్చు. ఎదుటి జట్టులో ఒకనిని కావాలనే అడ్డుకోకుండా వదిలి, వాడు ఎటు కదిలితే దానికి వేరు దారి పడతారు. 1995 జట్టు ఒక్కొక్క ఆటలో సగటున దాదాపు 400 గజాలు పరుగులోనే సాధించింది. స్కాలర్‌షిప్ లేకుండా చేరిన రాష్ట్రంలోని పల్లె కుర్రవాళ్లు కూడా ఏళ్ల తరబడి సాధన చేసి ఇందులో రాణించేవారు.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఆస్బోర్న్ సైతం మొదట ఈ పద్ధతివాడు కాడు. తొలి ఐదేళ్లూ ఒక్లహామా జట్టు చేతిలో వరుసగా ఓడి, వారి పరుగుల దాడిని గమనించి, క్రమక్రమంగా ఆప్షన్ వైపు మళ్లాడు. అనగా ఆ సంప్రదాయం కూడా ఒకనాటి మార్పే. అయితే అది నిదానంగా, జట్టును ఎరిగినవాని చేతిలో జరిగిన మార్పు.

తరువాత ఫ్రాంక్ సోలిచ్ అదే బాటలో నడిచాడు. 2001లో జాతీయ బిరుదు పోటీదాకా వెళ్లి ఓడారు. 2002లో ఏడు గెలుపులు, ఏడు ఓటములు. పెద్దలకు ఆందోళన కలగడంలో అన్యాయం లేదు. కాని 2003లో జట్టు కోలుకొని 12 ఆటల్లో 9 గెలిచినా, సోలిచ్‌ను తొలగించారు.

ఆయన స్థానంలో వృత్తి క్రీడాజట్ల నుండి బిల్ కల్లహాన్ వచ్చాడు. వస్తూనే ఆప్షన్‌ను పక్కనబెట్టి, బంతి విసిరే "వెస్ట్ కోస్ట్" పద్ధతి ప్రవేశపెట్టాడు. పరుగెత్తడానికి ఎంపికైన క్వార్టర్‌బ్యాక్‌ను విసరమన్నారు; ఆ ఏడు అతడు విసిరిన బంతులు 19 ఎదుటివారి చేతిలో పడ్డాయి. 2004లో 5 గెలుపులు, 6 ఓటములు. 1961 తరువాత ఓటములు మించిన మొదటి సంవత్సరం అదే. వరుసగా 35 ఏళ్లు ఆడిన బౌల్ పోటీల పరంపర తెగిపోయింది. 2006లో కొంత తేరుకొని 9 గెలిచినా, 2007లో కాన్సాస్ చేతిలో 76-39 తేడాతో ఓడారు. ఆ ఏడాదే కల్లహాన్‌కు ఉద్వాసన జరిగింది. క్రీడావిభాగాన్ని చక్కదిద్దమని వృద్ధుడైన ఆస్బోర్న్‌నే మళ్లీ పిలిచారు!

జార్జియా టెక్‌లోనూ ఇదే కథ. పాల్ జాన్సన్ 11 ఏళ్లు నడిపిన ఆప్షన్‌ను 2019లో కొత్త కోచ్ తీసివేశాడు. ఆ ఏడాదే సిటడెల్ అనే చిన్న కళాశాల జట్టు అదే ఆప్షన్ ఆడి వారిని ఓడించింది. ఆ ఏడు 12 ఆటల్లో గెలిచినవి మూడే.

కొత్త అధికారి రాగానే ముప్పై ఏళ్ల ఫైళ్ల పద్ధతి మార్చివేయడం, ఆపై ఒక పాత కాగితం కోసం గుమాస్తాలు బీరువాలన్నీ వెదకడం మనలో చూడనివారెవరు? మార్పు కూడదని నేననను. డెవానీ వచ్చిందీ మార్పుతోనే, కాని అప్పుడు జట్టు ఓడుతూ ఉన్నది. నడుస్తున్న బండికి చక్రాలు మార్చేవాడు, ముందుగా ఆ బండి ఎందుకు నడుస్తున్నదో తెలుసుకోవాలి. పద్ధతి అంటే కాగితం మీది గీతలు కాదు. దానికోసం ఎంపికైన మనుషులు, వారి ఏళ్ల సాధన. పాతవారిని పిలిచి ఒక్క మాట అడిగితే కొత్తవారి గౌరవం తగ్గదు, పని మాత్రం నిలుస్తుంది.