మోట నుంచి సబ్‌మర్సిబుల్ దాకా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో పంపు కొనేవాళ్లు మొదట అడిగేది హార్స్‌పవరే. తెలిసిన మెకానిక్ మాత్రం "నీళ్లెంత లోతున్నయి? ఎంత పైకెక్కాలె?" అని ఎదురడుగుతాడు. ఈ పాలమూరు ప్రాంతంలో నీళ్లు తోడే సాధనాలు మారుతూ వచ్చింది ఆ ప్రశ్నకు జవాబు మారినప్పుడల్లానే.

నీళ్లు పైపైన ఉన్నచోట ఏతం సరిపోయింది. లోతైన బావికి మోట కట్టారు. ఎడ్లు వాలు దారిలో దిగుతుంటే గిరక మీది మోకు బిగిసి బొక్కెన పైకొచ్చేది. ఒడ్డుకు రాగానే తోలు తొండం నీళ్లను తొట్టిలోకి వదిలేది.

ఆ తర్వాత ఆయిల్ ఇంజన్లు, వాటి వెనకే కరెంటు మోటార్లు వచ్చాయి. దేశంలో తయారైన తొలి కరెంటు మోటారు 1937లో కోయంబత్తూరులో బయటికొచ్చింది. దాన్ని తెచ్చిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు ఇద్దరూ తెలుగు మూలాలున్నవాళ్లే.

పైనుంచి పీల్చే పంపుకు ఒక హద్దుంది. నీటిని పైపులోకి నెట్టేది గాలి ఒత్తిడే, లెక్కకు 10.3 మీటర్లు, ఆచరణలో ఏడెనిమిది మీటర్లు దాటదు. అందుకే నీళ్లు దిగినకొద్దీ రైతు మోటారునూ బావిలోకి దించాడు. వానాకాలం ఊట పెరిగితే మునగకుండా మళ్లీ పైకి లాగేవాడు.

బావులెండి బోర్లు పడ్డాక పీల్చడం పనికిరాలేదు, అడుగునుంచి నెట్టాల్సి వచ్చింది. ఆర్మీనియా సంతతి ఇంజనీరు ఆర్మైస్ అరుటునోఫ్ చమురు బావుల కోసం వృద్ధి చేసిన సబ్‌మర్సిబుల్ పద్ధతి ఇక్కడ అక్కరకొచ్చింది. ఇందులో ఒకదానిపై ఒకటి పేర్చిన ఇంపెల్లర్లు (నీటిని తోసే తిరుగుడు చక్రాలు) ఒత్తిడిని పెంచుకుంటూ పోతాయి. మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే కనుక బోరు ఎండితే వైండింగ్‌కే ముప్పు.

ఇంటికైనా, చిన్న హోటల్‌కైనా ఈ లోతు, ఎత్తుల లెక్కే. సంపు నుంచి ట్యాంకుకైతే మోటారు, పంపు ఒకటిగా ఉండే మోనోబ్లాక్, బోరుకైతే సబ్‌మర్సిబుల్. సంపు 8 అడుగుల లోతు, ట్యాంకు 30 అడుగుల ఎత్తు అనుకుంటే, పైపు వంపుల రాపిడికి ఇంకో నాలుగు కలిపి మొత్తం ఎత్తు (హెడ్) 42 అడుగులు, అంటే సుమారు 13 మీటర్లు. నేమ్‌ప్లేటుపై హెడ్ 6–24 మీటర్లని ఉన్న అర హార్స్‌పవర్ పంపు మామూలు ఇంటికి చాలు.

2023 సెప్టెంబరులో కొల్లాపూర్ దగ్గర నార్లాపూర్‌లో ఎత్తిపోతల పథకం కింద నడిచిన 145 మెగావాట్ల పంపునూ ఎన్ని నీళ్లు, ఎంత ఎత్తుకు అన్న లెక్కతోనే ఎంచారు. ఎందుకైనా మంచిదని ఎక్కువ హెడ్ పంపును తక్కువ ఎత్తుకు బిగిస్తే, నీళ్లు ఎక్కువ తోసి, కరెంటు ఎక్కువ లాగి, చివరికి మోటారు కాలిపోవచ్చు.