గోడలోకి పోయిన తీగ

నేను కరెంటు పని నేర్చుకునే రోజుల్లో విజయవాడ వన్‌టౌన్ పాత మిద్దెల్లో టేకు చెక్క కేసింగ్ వైరింగ్ ఇంకా కనిపించేది. చెక్కలో రెండు గాడులు, ఒకదాంట్లో ఫేజు, రెండోదాంట్లో న్యూట్రల్, పైన మూత. ఆ తర్వాత బ్యాటెన్ వచ్చింది. సన్నటి టేకు బద్ద, దాని మీద రేకు క్లిప్పులు, వాటి పట్టులో వైరు. ఏ తీగ ఎటు పోతోందో ఇంట్లో పిల్లలకు కూడా తెలిసేది. లోపం ఉంటే పైకే కనిపించేది: క్లిప్పు దగ్గర పగిలిన తొడుగు, చెద పట్టిన బద్ద, చెమ్మకి ఉబ్బిన రౌండ్ బ్లాక్. మా గురువుగారు కొత్తింటికి వెళ్తే ముందు ఏ పరికరమూ తీసేవారు కాదు. నిచ్చెన వేయించి, బద్ద వెంట వేలు రాస్తూ గది గదీ తిరిగేవారు.

ఆ తర్వాతే తీగల ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్. ఇంగ్లండులో ఎవర్‌షెడ్ అండ్ విగ్నోల్స్ కంపెనీ 1903లో ఆ పేరును రిజిస్టర్ చేయించింది. మా చేతికొచ్చింది పిడి తిప్పే పెట్టె. మెయిన్ ఆపి, స్విచ్చులన్నీ వేసి, ఫేజూ న్యూట్రలూ కలిపి ఒక వైరు, ఎర్తుకి ఇంకో వైరు. 500 వోల్టులతో ఒక నిమిషం తిప్పాలి. ముల్లు ఒక మెగోమ్ కంటే కింద నిలిస్తే ఆ ఇంటికి కరెంటు ఇవ్వకూడదు. తర్వాత బల్బులు తీసి, ఫ్యాన్లు విడదీసి, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య మళ్ళీ చూడాలి. లీకేజీ ఉండదని నమ్మకం కుదిరాకే కనెక్షన్ ఇవ్వాలని 1956 నాటి విద్యుత్ నిబంధనలు సరఫరాదారుకి చెప్పాయి. కాంట్రాక్టరు సంతకం చేసిన టెస్ట్ రిపోర్టుకి అంత విలువ ఉండేది. ఆ సంతకం వెనక ఒక మనిషి నిలబడేవాడు.

1979లో ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ మొదటి 210 మెగావాట్ల యూనిట్ వచ్చింది. కరెంటు పెరిగేకొద్దీ ఇళ్ళలోకి ఫ్రిజ్జులు, మిక్సీలు, తర్వాత ఏసీలు చేరాయి. అపార్ట్‌మెంట్లు లేచాయి, తీగ గోడలోకి పోయింది. స్లాబు పోసే ముందు చువ్వలకి కట్టిన వైరింగ్ పైపు కూలీల కాళ్ళ కింద నలుగుతుంది, పగులులోంచి సిమెంటు పాలు లోపలికి దిగుతాయి. అలాంటి పైపులో బలవంతంగా లాగిన వైరు వంపు దగ్గర గీసుకుంటుంది. కంటికేం తెలుస్తుంది? మెగ్గరే చెప్పాలి.

దాన్ని కూడా చెప్పనివ్వరు. గృహప్రవేశం ముహూర్తం ముందే పెట్టేస్తారు, గోడ తడి ఆరదు, రీడింగు తక్కువ చూపిస్తుంది, "పాలు పొంగాక చూద్దాంలే" అంటారు. ఆ చూడడం మళ్ళీ జరగదు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇంకొకటి. రెండు సర్క్యూట్ల న్యూట్రళ్ళు ఒకే బాక్సులో కలిపేస్తారు. దాంతో ఆర్‌సీసీబీ పడిపోతూ ఉంటుంది. తప్పు వెతక్కుండా ఆర్‌సీసీబీనే తప్పించి నేరుగా కలిపి వెళ్ళిపోతారు. 30 మిల్లీఆంపియర్లు లీకైతే చాలు, కరెంటు ఆపి ప్రాణం కాపాడే పరికరం అది!

ఇక ఎర్తు సంగతి ఊరిని బట్టి మారుతుంది. ఉయ్యూరు, కంకిపాడు వైపు నల్లమట్టిలో గుంట తీసి బొగ్గు, ఉప్పు వేసి పైపు దించితే తడికి కొదవ ఉండదు. మొగల్రాజపురం కొండవాలు ఇళ్ళ కింద రాయి తగులుతుంది. బందరు వైపు ఉప్పునేల ఎర్తుకి మంచిదే కానీ క్లాంపునీ నట్టునీ తినేస్తుంది, ఏటా విప్పి చూడాల్సిందే.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది. నీళ్ళు తీశాక స్విచ్‌బోర్డుల్లో బురద, గోడ పైపుల్లో నిలిచిన నీరు. బోర్డులు విప్పి, కడిగి, వైర్లు బయటికి లాగి, పైపుల్లోకి గాలి కొట్టి, ఆరబెట్టి, మళ్ళీ మెగ్గర్ పెట్టాలి. అక్కడ మేం అడిగిన మొదటి మాట, "పైపు ఎటు పోయిందమ్మా?" అని. ఏ ఇంట్లోనూ గీత గీసిన కాగితం లేదు. గోడలు తట్టి, కొన్నిచోట్ల పగలగొట్టి వెతికాం. అప్పటినుంచి నేను చేయించే ప్రతి ఇంటికీ ప్లాస్టరింగుకి ముందే గోడ గోడకీ ఫోటో తీయించి, అప్పుడే ఒకసారి మెగ్గర్ పెట్టించి, ఆ అంకెలూ తేదీలూ రాసిన కాగితాన్ని మెయిన్ బోర్డు తలుపు లోపల అంటిస్తున్నాను.